ఫెజెంట్ టెయిల్ నింఫ్: రాగి తీగ, నాలుగు ఈక పోగులు చాలు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ట్రౌట్ చేపల కోసం ఫెజెంట్ టెయిల్ నింఫ్ కట్టడం మొదలుపెట్టారు. నీటి పురుగు పిల్లని (నింఫ్‌ని) పోలేలా హుక్ మీద ఈకతో కట్టే ఎర ఇది, ఇలాంటి ఎరనే ఫ్లై అంటారు. రెండు మూడు చేపలు పడేసరికి ఒళ్లు విడిపోతోంది. వీడియోల్లో ఒకరు తలకి పూస పెడుతున్నారు, ఒకరు కాళ్లు కడుతున్నారు, ఇంకొకరు వీపు మీద మెరుపు రేకు వేస్తున్నారు. వీటిలో ఏది అసలైనదో తేలడం లేదు. పైగా నెమ్మదిగా పారే తేట నీళ్లలో ట్రౌట్ దగ్గరికి వచ్చి, చూసి, వెనక్కి తిరిగిపోతోంది. చిరిగిన ఫ్లైలని ఏం చేయాలో కూడా అడిగారు.

ముందుగా దారం పక్కన పెట్టేయండి. ఈ నింఫ్‌ను మొదట కట్టినాయన దారం వాడలేదు. సన్నటి రాగి తీగ, మగ ఫెజెంట్ (కోడి జాతి పక్షి) తోక ఈక నుంచి తీసిన నాలుగు పోగులు, ఈ రెండే ఆయన సామాను. ఒళ్లు విడిపోవడానికీ, చేప వెనక్కి తిరగడానికీ మీరు రెండు వేరు వేరు మందులు వెతుకుతున్నారు. నా అనుభవంలో ఆ రెండు ఇబ్బందుల్లోనూ చాలా భాగం ఒకేచోట తీరుతుంది: ఫ్లైని సన్నగా, బరువుగా కట్టడం, దాన్ని చేప ఉన్న లోతుకి దించడం.

ఆయన పేరు ఫ్రాంక్ సాయర్. ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో, నెదరేవన్ ఊరి దగ్గర ఏవన్ నది మీద రివర్ కీపర్. అంటే నది గట్లు, నాచు, చేపలు చూసుకునే ఉద్యోగం. సుద్ద నేలల్లోంచి ఊరి వచ్చే నీరు కాబట్టి ఆ నది ఏడాదిలో చాలా కాలం అద్దంలా ఉంటుంది. రోజూ ఆ నీటినే చూస్తూ గడిపిన మనిషికి ఒక సంగతి తెలిసింది. ఆలివ్ జాతి మేఫ్లైల (నీటిలో పెరిగి పైకి ఎగిరే చిన్న పురుగుల) నింఫ్‌లు ఈదేటప్పుడు కాళ్లు చాపవు, ఒంటికి అంటించుకుని దూసుకుపోతాయి. అందుకే ఆయన ఫ్లైకి కాళ్లు లేవు. వీడియోల్లో కాళ్లు లేని నింఫ్ కనిపిస్తే అది సోమరితనమని అనుకోకండి, అది పరిశీలనలోంచి వచ్చిన నిర్ణయం.

అప్పటి వాతావరణం కూడా కొంచెం తెలిస్తే ఈ ఫ్లై ఇలా ఎందుకుందో అర్థమవుతుంది. 19వ శతాబ్దం చివర్లో ఫ్లై ఫిషింగ్ రచయిత ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ ప్రభావంతో ఆ సుద్ద నదుల్లో డ్రై ఫ్లై (నీటి పైన తేలే ఎర) తప్ప ఇంకేదీ మర్యాద కాదన్న పట్టుదల పెరిగింది. ఇంగ్లండ్‌లోనే ఇచెన్ నదిలో జి.ఇ.ఎం. స్క్యూస్ అనే ఆయన నీటి అడుగున నింఫ్‌తో పట్టి చూపించారు. ఆ వాదన ముదిరి 1938లో లండన్‌లోని ఫ్లైఫిషర్స్ క్లబ్‌లో పెద్ద చర్చ దాకా వెళ్లింది. స్క్యూస్ నింఫ్‌లు ఎక్కువగా నీటి పైపొరకి కాస్త కిందే పనిచేసేవి. సాయర్ ఇంకా కిందికి దిగాలనుకున్నారు, దానికి బరువు కావాలి. ఆ బరువును ఒంటికి అదనంగా తగిలించకుండా, కట్టే తీగనే బరువుగా చేశారు. ఆయన పద్ధతి అంతా 1958లో వచ్చిన ఆయన పుస్తకంలో ఉంది. ఆయన దగ్గర నేర్చుకున్న ఆలివర్ కైట్ దాన్ని మరింత మందికి చేర్చారు.

మీరు వీడియోల్లో చూసిన కాళ్లూ, నెమలి ఈక పోగులతో మెరిసే ఛాతీ, అవి అమెరికాలో ఆల్ ట్రోత్ కట్టిన రూపంలోంచి వచ్చినవి. అదీ మంచి ఫ్లైయే. గరుకు నీళ్లలో, రకరకాల పురుగులున్న నదుల్లో అది బాగా పడుతుంది. కానీ మీరు చెప్పిన తేట నీటికి, నెమ్మది ప్రవాహానికి నేనైతే సాయర్ రూపమే కడతాను.

ఇక సామాను. మగ రింగ్‌నెక్ ఫెజెంట్ తోకలో మధ్య ఈకలు తీసుకోండి. పక్క ఈకల్లో పోగులు పొట్టిగా ఉంటాయి, మడతలకి సరిపోవు. రంగు ఎర్రటి గోధుమ వైపు ఉండాలి. పాలిపోయి, ఎండకి వెలిసిన ఈక అయితే పోగులు పెళుసుగా ఉంటాయి, చుట్టుతుంటేనే తెగుతాయి. ఒక పోగు లాగి వేలికి చుట్టి చూడండి. విరగకుండా చుట్టుకుంటే ఆ ఈక పనికొస్తుంది.

తీగ విషయంలో మాత్రం రాజీ పడకండి, చాలామంది తప్పటడుగు ఇక్కడే. క్రాఫ్ట్ పనికి అమ్మే రాగి తీగ మరీ లావు. 14, 16 నంబర్ హుక్‌లకి (నంబర్ పెరిగేకొద్దీ హుక్ చిన్నది) 0.1 నుంచి 0.15 మిల్లీమీటర్ల తీగ కావాలి, అంటే తల వెంట్రుక కన్నా కాస్త లావు. పాత ట్రాన్స్‌ఫార్మర్‌లో, చిన్న మోటార్‌లో చుట్టి ఉండే ఎర్రటి ఎనామిల్ పూత తీగ దీనికి చక్కగా సరిపోతుంది. ఎనామిల్ ఉంటే తొందరగా నల్లబడదు. ఫ్లై తడిసినప్పుడు పోగుల సందుల్లోంచి ఆ ఎరుపు లీలగా కనిపిస్తుంది, అదే దీని మెరుపు. వీపు మీద రేకు వేయాల్సిన అవసరం నాకు ఎప్పుడూ కనిపించలేదు.

హుక్ మామూలు వెట్ ఫ్లై (మునిగే ఎర) హుక్ చాలు. బార్బ్‌ను (మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే ముల్లుని) కట్టకముందే ప్లయర్‌తో నొక్కేయండి. నొక్కేటప్పుడు విరిగే హుక్ విరిగిపోతుంది, మీ పని వృథా కాదు.

ఇప్పుడు కట్టడం. తీగను బాబిన్‌లో (దారం చుట్టని పట్టి ఉంచే పనిముట్టులో) పెట్టుకోండి. దారానికి ఇచ్చినంత బిగువు తీగకి ఇవ్వకూడదు. దారం సాగుతుంది, తీగ సాగదు, ఒక్కసారిగా తెగుతుంది. అదీ ఎక్కువగా మెలిక పడ్డచోట తెగుతుంది. కాబట్టి బాబిన్ వదిలేసినప్పుడు తీగ ఉంగరంలా చుట్టుకోకుండా చూసుకోండి. మెలిక పడితే వేలితో సాఫు చేయబోకండి, దాన్ని దాటి కొత్త తీగ లాగి మళ్లీ మొదలుపెట్టండి.

హుక్ కన్ను (దారం దూర్చే రంధ్రం) వెనక ఒక మిల్లీమీటరు వదిలి తీగ మొదలుపెట్టి, కాడ మీద పక్కపక్కన చుట్లు వేస్తూ వంపు దాకా వెళ్లండి. అక్కడి నుంచి వెనక్కి వచ్చి, కన్ను వైపున్న మూడో వంతులో రెండు మూడు పొరలు వేసి బుడిపె చేయండి. అదే ఛాతీ, అదే బరువు. మధ్యలో ఉబ్బుగా, రెండు చివర్ల వాలుగా ఉండాలి. నిలువు గోడలా ఆపేస్తే తర్వాత పోగులు జారి గుంటలో పడతాయి. బుడిపె అయ్యాక తీగను మళ్లీ వంపు దగ్గరికి తీసుకెళ్లండి. ఇప్పుడు హుక్ చూస్తే, ఈకలేమీ లేకుండానే నింఫ్ ఆకారం కనిపించాలి. కనిపించకపోతే ముందుకు వెళ్లకండి. తీగ విప్పి మళ్లీ చుట్టండి. పోగులు ఆకారాన్ని దాచవు, ఉన్నది ఉన్నట్టు చూపిస్తాయి.

నాలుగు పోగులు తీసుకోవాలి, 18 నంబర్ హుక్ అయితే మూడు. వాటిని ఈక కాండానికి నిటారుగా పట్టి లాగితే కొసలు సమానంగా వస్తాయి. అలా పట్టుకునే కాండం దగ్గర కత్తిరించండి. వేలితో తడి చేయండి. తడి పోగు తేలిగ్గా వంగుతుంది, పొడి పోగు విరుగుతుంది. కొసలు వంపు దాటి మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండేలా తీగతో కట్టండి, అదే తోక. చాలామంది తోకని పొడుగ్గా వదిలేస్తారు. చూడ్డానికి అందంగానే ఉంటుంది కానీ ఆ పొడవు ఫ్లై మునగడాన్ని నెమ్మదిస్తుంది. పొట్టి తోకే ఉంచండి.

ఇక్కడే మీ మొదటి ఇబ్బంది తీరుతుంది. మామూలుగా పోగుల్ని మాత్రమే కాడ మీద చుట్టి, చివర్లో దారంతో కట్టేస్తారు. ట్రౌట్ పళ్లు చిన్నవే కానీ పదునైనవి. ఒక్క పోగు తెగితే మొత్తం విప్పుకుంటుంది. సాయర్ పద్ధతిలో పోగుల్నీ తీగనీ కలిపి తాడు పేనినట్టు పేని, ఆ పేనికను కాడ మీద చుట్టాలి. అప్పుడు ప్రతి చుట్టులోనూ పోగుని తీగ పట్టుకుని ఉంటుంది. ఒకచోట తెగినా పక్క చుట్టు కదలదు. పేనేటప్పుడు మరీ బిగిస్తే పోగుల మీది సన్నటి నూగు నలిగి ఒళ్లు నున్నగా, నల్లగా అవుతుంది. ఆ నూగే నీళ్లలో జీవం ఇస్తుంది. సెంటీమీటరుకి నాలుగైదు మెలికలు పడితే చాలు. కాడ చుట్టూ తిప్పుతుంటే పేనిక విప్పుకుపోతోందా, అయితే రెండో వైపుకి పేనండి.

పేనికను బుడిపె మీదుగా కన్ను దాకా చుట్టుకుంటూ రండి. కన్ను దగ్గర పేనిక విప్పి, తీగను విడదీసి, దానితో పోగుల్ని రెండు చుట్లు వేసి బిగించండి. తర్వాత తీగను ఒకే ఒక ఎడంగా వేసిన చుట్టుతో బుడిపె వెనక్కి తీసుకెళ్లండి. పోగుల్ని వీపు మీదుగా వెనక్కి మడిచి అక్కడ రెండు చుట్లు. తీగ మళ్లీ ముందుకి, పోగులు మళ్లీ ముందుకి, రెండు చుట్లు. పోగుల పొడవు చాలితే ఇంకోసారి వెనక్కీ ముందుకీ మడవండి. ఇవే రెక్కల తొడుగులు. పురుగు పైకి తేలే సమయం దగ్గరపడ్డకొద్దీ ఆ భాగం ముదురు రంగులోకి మారుతుంది, మడతలు వేసినకొద్దీ మన ఫ్లైలోనూ ముదురవుతుంది. మిగిలిన పోగులు కత్తిరించి, కన్ను వెనక తీగతోనే రెండు మూడు హాఫ్ హిచ్ ముడులు (ఒక్క ఉచ్చుతో బిగించే ముడులు) వేసి, తీగని కత్తెరతో కోయకుండా అటూ ఇటూ ఊపి తెంపండి. ముడికి ఆనుకునే తెగుతుంది, కత్తెర మొన కూడా పాడవదు. వార్నిష్ అక్కర్లేదు.

మొదటి కొన్ని ఫ్లైలు కన్ను దగ్గర ఇరుకైపోతాయి. టిప్పెట్ (ఫ్లైకి కట్టే సన్నటి చివరి దారం) దూరదు. దానికి విరుగుడు చివర్లో లేదు, మొదట్లో వదిలిన ఆ ఒక మిల్లీమీటరులో ఉంది. చివరిదాకా ఆ జాగాలోకి ఏదీ రానివ్వకండి.

దారంతోనే కట్టాలని ఉంటే, లేదా తీగ చేతికి అలవాటు పడేదాకా, ఇంకో దారి ఉంది. పోగుల్ని ఒక దిశలో చుట్టి, వాటి మీద తీగను ఎదురు దిశలో ఎడంగా చుట్టండి. అదే దిశలో చుడితే తీగ పోగుల సందుల్లోకి జారి దాక్కుంటుంది, కాపాడదు. ఎదురుగా చుడితే ప్రతి పోగునీ అడ్డంగా దాటుతుంది. చాలామంది ఫ్లైలు విడిపోవడానికి ఈ దిశే కారణం. మీవి కూడా ఒకసారి చూసుకోండి.

కట్టాక ఒక పొడవాటి గాజు పాత్రలో నీళ్లు పోసి ఫ్లైని వదలండి. ముందు నీళ్లలోనే వేళ్ల మధ్య నలిపి గాలి బుడగలు పోగొట్టండి, పొడిగా వేస్తే మంచి ఫ్లై కూడా కాసేపు తేలుతుంది. తల కాస్త వాలి, స్థిరంగా, పక్కకి దొర్లకుండా మునగాలి. ఎన్ని సెకన్లలో ఎంత లోతు దిగుతోందో చూసి గుర్తుపెట్టుకోండి. ఈ ఒక్క సంఖ్య నది ఒడ్డున మీకు చాలా పనికొస్తుంది.

ఎలాగంటే, మీ నింఫ్ సెకనుకి పది సెంటీమీటర్లు మునుగుతుందని అనుకుందాం. చేప 60 సెంటీమీటర్ల లోతులో ఉంది. దిగడానికి ఆరు సెకన్లు కావాలి. ప్రవాహం సెకనుకి అర మీటరు పోతుంటే, ఆ ఆరు సెకన్లలో ఫ్లై మూడు మీటర్లు కొట్టుకుపోతుంది. అంటే చేపకి మూడు మీటర్ల ఎగువన వేయాలి. మనలో చాలామంది ఒక మీటరు ఎగువన వేసి, ఫ్లై చేప తల మీదుగా వెళ్లిపోతుంటే ‘చూసింది, వద్దనుకుంది’ అని చెప్పుకుంటాం. చేప చాలాసార్లు వద్దనుకోదు. దానికి అందలేదు, అంతే.

ఇంకో మోసం కాంతి చేస్తుంది. నీటి వక్రీభవన గుణకం 1.33 కాబట్టి నేరుగా పైనుంచి చూసినా మీటరు లోతున్న చేప ముప్పావు మీటరులోనే ఉన్నట్టు కనిపిస్తుంది. ఒడ్డు నుంచి ఏటవాలుగా చూస్తే ఇంకా పైకి ఉన్నట్టు అనిపిస్తుంది. కళ్లు చెప్పిన లోతు కన్నా ఎప్పుడూ ఎక్కువే అనుకోండి. పోలరైజ్డ్ కళ్లద్దాలు నీటి మీది మెరుపుని తీసేస్తాయి గానీ ఈ తేడాని తీయలేవు.

చేప మనల్ని చూడటం సంగతీ చెప్పాలి. చేపకి బయటి ప్రపంచమంతా తలపైన దాదాపు 97 డిగ్రీల గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది. ఒడ్డున నిటారుగా నిలబడితే ఆ కిటికీ అంచులో మనం కదులుతూ కనిపిస్తాం. వంగితే, మోకాళ్ల మీద కూర్చుంటే ఆ అంచులో నలిగిపోయి దాదాపు కనిపించం. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టుకుని ఉంటుంది కాబట్టి దిగువ నుంచి, వెనక నుంచి వెళ్లండి. దగ్గరికి వచ్చి చూసి వెళ్లిపోయిందని మీరు చెప్పిన చేపల్లో కొన్ని మీ ఫ్లైని కాక మిమ్మల్ని చూసి ఉండొచ్చు.

లీడర్ (లైన్ చివర కట్టే, సన్నబడుతూ పోయే దారం) తొమ్మిది నుంచి పన్నెండు అడుగులు, టిప్పెట్ 5ఎక్స్, అంటే 0.15 మిల్లీమీటర్లు. బాగా తేట నీళ్లలో 6ఎక్స్. లీడర్‌కి తేలే గ్రీజు రాయండి, కానీ చివర్లో చేప లోతుకి సరిపడా పొడవు వదిలేయండి. గ్రీజు ఉన్న భాగం పైన తేలుతుంది, లేనిది మునుగుతుంది. ఆ రెండూ కలిసే చోటే మీ కన్ను ఉండాలి. అది ఆగినా, ముంచినట్టు లోపలికి పోయినా, పక్కకి లాగినా రాడ్ ఎత్తండి. చేప కనిపిస్తుంటే లీడర్ కన్నా చేపనే చూడండి. ఫ్లై ఉంటుందనుకున్న చోట అది పక్కకి జరిగి మళ్లీ తన జాగాకి రావడం, నోటి లోపలి తెలుపు ఒక క్షణం మెరవడం, ఇవే సంకేతాలు. చేతికి లాగుడు తగిలేదాకా ఆగితే ఆలస్యమే, అప్పటికి ఉమ్మేసి ఉంటుంది. కొట్టినట్టు లాగకండి, ఎత్తడం చాలు. ఈ సైజు హుక్ అంతకే దిగుతుంది.

ముందు ఫ్లైని ప్రవాహంతోపాటు స్వేచ్ఛగా పోనివ్వండి. లైన్ ఎక్కడైనా ఫ్లైని ఈడుస్తోందేమో చూడండి. పైన ప్రవాహం వేగంగా, కింద నెమ్మదిగా ఉంటుంది కాబట్టి మీకు బాగానే పోతున్నట్టు కనిపిస్తున్నా కింద ఫ్లై లాక్కుపోతూ ఉండొచ్చు. లైన్ వేసేటప్పుడే కాస్త వదులు ఉంచితే ఇది తగ్గుతుంది.

అలా రెండు మూడు సార్లు సరైన లోతులో పోయినా చేప కదలకపోతే, అప్పుడు సాయర్, కైట్ పేర్లతో ప్రసిద్ధమైన ఇండ్యూస్డ్ టేక్ (ఫ్లైని కదిలించి చేపతో పట్టించడం) వాడండి. నాకు ఈ మొత్తం పద్ధతిలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఫ్లై చేప ముందు ఒక అడుగు దూరంలో, దాని లోతులోనో ఇంకాస్త కిందనో ఉందని మీ లెక్క చెప్పినప్పుడు రాడ్ కొసను మెల్లగా, ఆగకుండా, ఒక జానెడు ఎత్తండి. కింద నింఫ్ ముక్కు పైకెత్తి ఈదడం మొదలుపెడుతుంది. పైకి తేలబోయే నిజమైన పురుగు చేసేది అదే. తన ముందు నుంచి తప్పించుకుపోతున్నదాన్ని ట్రౌట్ చాలాసార్లు ఆలోచించకుండా పట్టేస్తుంది. కాళ్లు లేని, నున్నటి, ఛాతీలో బరువున్న ఆ ఆకారానికి అసలు ప్రయోజనం ఈ కదలికలోనే తెలుస్తుంది. కుదుపు వద్దు. జానెడు కన్నా ఎక్కువా వద్దు. మొదటి కాస్ట్‌లోనే ఇది చేయకండి, నిదానంగా తినే చేపని అది బెదరగొట్టవచ్చు.

ఎప్పుడు వేయాలో నీళ్లే చెబుతాయి. చేప పైకి వచ్చినచోట బుడగ మిగిలితే అది పైనున్న పురుగుని తిన్నట్టు, గాలి కూడా మింగింది. బుడగ లేకుండా నీరు ఉబికి సుడి మాత్రమే తిరిగితే అది పైపొర కింద నింఫ్‌ని తిన్నట్టు. అలాంటప్పుడు బరువు తక్కువ ఉన్న 16 నంబర్ ఫ్లై, గ్రీజు ఫ్లైకి ఒక జానెడు దూరం దాకా. ఏదీ పైకి రాకపోతే 14, ఇంకా లోతుకి.

పూస గురించి అడిగారు కదా. పూస పెడితే అది వేరే ఫ్లై అవుతుంది. తప్పేం కాదు. లోతైన, వేగంగా పోయే, చేప కనిపించని నీళ్లలో నేనూ పూస తలదే వేస్తాను, పైన ఇండికేటర్ (చేప పట్టిందని చూపే తేలే గుర్తు) కూడా పెడతాను. టంగ్‌స్టన్ పూస అదే సైజు ఇత్తడి పూస కన్నా బాగా బరువు, లోతు త్వరగా అందుతుంది. కానీ మోకాలి లోతు తేట నీటిలో ఆ పూస పడిన చప్పుడుకే చేప పారిపోతుంది. డ్రై ఫ్లై కింద ఒకటిన్నర అడుగు టిప్పెట్‌కి కట్టి వేసినా సాయర్ నింఫ్ బాగానే పనిచేస్తుంది. సరస్సుల్లో అయితే మునగనిచ్చి చాలా నెమ్మదిగా లాగండి.

చేప వద్దన్నప్పుడల్లా ఫ్లై మార్చే అలవాటు మాత్రం మానుకోమని గట్టిగా చెబుతాను. ముందు లోతు మార్చండి, తర్వాత ఈడ్పు లేకుండా చూడండి, తర్వాత టిప్పెట్ సన్నం చేయండి, ఆపైన సైజు. నమూనా మార్చడం అన్నిటికన్నా చివర. కైట్ రాగి తీగ మాత్రమే చుట్టిన హుక్‌తో, ఒక్క ఈక పోగు కూడా లేకుండా చేపలు పట్టి చూపించారు. లోతు, కదలిక సరిగ్గా ఉంటే మిగతావి ఎంత వెనకో దీన్నిబట్టి చూడండి.

నీరు 20 డిగ్రీలు దాటిన రోజు ట్రౌట్‌ని వదిలేయండి. ఆ వేడిలో నీటిలో ఆక్సిజన్ తగ్గి, పోరాడిన చేప విడిచిపెట్టినా కోలుకోవడం కష్టం. మిగతా రోజుల్లో చేతులు తడి చేసుకుని, వీలైతే నీటిలోనే హుక్ తీసేయండి. బార్బ్ లేకపోతే తిప్పితే వచ్చేస్తుంది.

చివరిగా, చిరిగిన ఫ్లైలని ఏం చేయాలని అడిగారు. తీగతో కట్టినవి పారేయకండి. పోగులు సగం ఊడి రాగి బయటపడ్డ నింఫ్ చాలాసార్లు కొత్తదానికన్నా బాగా పడుతుంది, ఎందుకంటే ఇంకా సన్నబడి త్వరగా మునుగుతుంది. తీగ కొస లేచి గుచ్చుకుంటుంటే దాన్ని మాత్రం ఊపి తెంపేయండి. పారేయాల్సింది హుక్ మొన పోయినప్పుడే. మొనని బొటనవేలి గోరు మీద ఏటవాలుగా ఆనించి తేలిగ్గా లాగండి. గోరులో దిగి ఆగితే ఇంకా పదును ఉంది. జారిపోతే సన్న ఆకురాయితో రెండు రుద్దులు రుద్దండి, అప్పటికీ జారుతుంటే కొత్తది కట్టుకోండి.